వాగు ఒడ్డున పదకొండో సంతకం

ముందుగా ఒక సంగతి రాసిపెట్టాలి. మూడేళ్లలో నేను తొమ్మిది ఉత్తరాలు రాశాను. కౌంటీ ఆఫీసుకి నాలుగు, మంచినీళ్ల సరఫరా చూసేవాళ్లకి మూడు, మా వాగు వెంబడి అడవిని కాపాడటానికి పెట్టుకున్న సహకార సంఘానికి రెండు. ప్రతి ఉత్తరానికీ తేదీ వేశాను, ఫొటోలు జత చేశాను, కాపీ దాచుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. "అందింది" అని ఒక్క ముక్క కూడా ఎవరూ రాయలేదు. ఇది చదివేవాళ్లకి కాసేపట్లో తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. దాన్ని నేనే చెప్తాను, ఎవరూ తవ్వి తీయనక్కర్లేదు. కానీ ఆ తప్పు బయటపడినంత మాత్రాన, ఉత్తరాలకి జవాబు రాలేదన్న మాట అబద్ధమైపోదు. "ఇంకా ఆ తొమ్మిదీ పట్టుకుని వేలాడతారేంటండీ" అంటుంది నా భార్య. వేలాడతాను.

మేము ఉండేది అర్కాన్సాలో, బెంటన్‌విల్‌కి తూర్పున, ఊరు అయిపోయి కొండలు మొదలయ్యే చోట. మా తెలుగువాళ్లందరూ ఆఫీసుకి పది నిమిషాల్లో చేరే కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్నారు. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన ఏడాది నేను మాత్రం వాగు ఉన్న స్థలం కొన్నాను. రెండెకరాలు. ఇంటి వెనక గడ్డి, గడ్డి దాటితే పొదలు, పొదల్లో రెండు పెద్ద సికమోర్ చెట్లు, వాటి వేళ్ల కింద నుంచి వాగు. ఆ వాగు కొన్ని మైళ్లు పోయి ఒక పెద్ద లేక్‌లో కలుస్తుంది. ఇక్కడి ఊళ్లన్నిటిలో కుళాయి తిప్పితే వచ్చేవి ఆ లేక్ నీళ్లే. ఈ మాట అప్పట్లో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా.

వాగు మీద నాకు అంత మోజు ఎందుకంటే, దానికీ ఒక పాత అవమానం కారణం. అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో వినాయక నిమజ్జనం పార్కింగ్ లాట్‌లో ప్లాస్టిక్ టబ్బు పెట్టి చేసేవాళ్లం. ఒక ఏడాది మేనేజరమ్మ వచ్చి, టబ్బులోకి తొంగి చూసి, "కుక్కకి స్నానం ఇక్కడ చేయించకూడదు" అంది. టబ్బులో ఉన్నది ఏమిటో మేం చెప్పాక సారీ చెప్పింది. కానీ అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఇంకెప్పుడైనా నిమజ్జనం చేస్తే పారే నీళ్లలో, నా సొంత స్థలంలో చేస్తానని ఆ రోజే అనుకున్నాను.

కొత్త ఇంట్లో మొదటి చవితికి ఆరు కుటుంబాలు వచ్చాయి. పొదల మధ్య ఒకే మనిషి పట్టే కాలిబాట ఉండేది. కాపర్‌హెడ్ పాములుంటాయని ఆడవాళ్లు భయపడ్డారు. రెండో ఏడాదికి పొదలన్నీ కొట్టించాను. పన్నెండు కుటుంబాలు వచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సికమోర్ వేరు తట్టుకుని పడబోయింది. మూడో ఏడాదికి ఆ రెండు చెట్లూ తీయించి, చిన్న బుల్‌డోజర్ తెప్పించి, ఒడ్డుని పై నుంచి నీళ్ల దాకా వాలుగా చెక్కించాను. వెడల్పు రెండు కార్లంత. ఇరవై కుటుంబాలు వచ్చాయి. డోలు కూడా తెచ్చారు. నిజామాబాద్ మిత్రుడొకడు ఆ వాలు మీద నిలబడి చేతులు చాచాడు.

"అన్నా, ట్యాంక్‌బండ్‌ని అర్కాన్సాకి దింపినవ్ గదనే! క్రేన్ ఒక్కటే తక్వ."

"క్రేన్ వచ్చే ఏడు తెప్పిస్తాలే" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం నాకు బాగుంది.

బురద ఆ తర్వాతి వసంతంలో కనిపించింది. రాత్రంతా వాన పడి తెల్లారితే వాగు పాలు పోసిన టీ రంగులో ఉంది. మేం విగ్రహాన్ని వదిలే మడుగులో అడుగు కనిపించడం మానేసింది. నేను వెంటనే పై వైపు చూశాను. మా కంచె అవతల, వాగుకి పై భాగంలో, ఒక ముసలాయన స్థలం ఉంది. నలభై ఎకరాల ఓక్, హికరీ చెట్ల వాలు, కలప మోయడానికి వేసిన ఓ పాత దారి, డజను ఆవులు. ఆయన ఒక్కడే ఉంటాడు. పైన ఆవులున్నాయి, కింద బురద ఉంది. ఇంక విచారణ అక్కర్లేదనుకున్నాను.

ఆయన మీద నాకు అప్పటికే ఒక లెక్క ఉంది. ఇక్కడి మనుషులు కారు నడుపుతూ ఎదురైతే స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండా ఒక్క వేలు పైకెత్తుతారు. అది పలకరింపు అట. మొదట్లో నాకు తెలియక ఆ వేలు చూసి రెండు రోజులు ఉడికిపోయాను. ఆఫీసులో ఒకడు అర్థం చెప్పాక నేనూ ఎత్తడం మొదలుపెట్టాను. అయితే ఒక ఉదయం ముసలాయన పికప్ ఎదురొచ్చింది. నేను వేలు ఎత్తాను, ఆయన ఎత్తలేదు. తేదీ రాసుకున్నాను.

అలా ఉత్తరాలు మొదలయ్యాయి. మూడేళ్లలో అరవైకి పైగా ఫొటోలు తీశాను. అన్నీ ఒకే చోట నిలబడి తీసినవి. వాలు కింద అంచున కాళ్లు పెట్టి, కెమెరా మడుగు వైపు తిప్పి. బురద ఎలా పరుచుకుంటుందో అక్కడి నుంచే బాగా కనిపించేది. నా కాళ్ల కింద ఉన్న నేల ఒక్క ఫొటోలోనూ లేదు.

తొమ్మిదో ఉత్తరం వెళ్లిన నెలకి సంఘం నుంచి పోస్టులో ఒక కరపత్రం వచ్చింది. నాకు జవాబు కాదు, అందరికీ పంచినది. మా వాగు వెంబడి ఉన్న స్థలాల వాళ్లందరూ ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే మీటింగ్‌కి రావాలని.

వెళ్లాను. తలుపు దగ్గర టేబుల్ మీద పేర్లు రాసిన స్టిక్కర్లు వరుసగా పెట్టి ఉన్నాయి. పది ఉన్నాయి. నాది లేదు. అక్కడున్న పెద్దావిడ కంగారుపడి, ఖాళీ స్టిక్కర్ మీద "గెస్ట్" అని రాసి నా చొక్కాకి అంటించింది. వాగు ఒడ్డున నా పేర రెండెకరాలున్నాయి, నేను గెస్ట్‌ని. ఆ స్టిక్కర్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సంఘం తరఫున మాట్లాడింది ఓ అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో, బూట్లకి బురద. తెర మీద మా వాగు మ్యాప్ పెట్టింది. పై నుంచి కింద దాకా పదకొండు స్థలాలు. విషయం సూటిగా చెప్పింది. లేక్‌లోకి చేరిన బురదని కింద మిషన్లతో శుభ్రం చేయడం కంటే, పైన చెట్లని నిలబెట్టడం ప్రజలకి తక్కువ ఖర్చు. అందుకని ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. ఒడ్డులు బాగుచేసుకోవడానికి, కలప దారులు మూయడానికి, చెట్లు కొట్టకుండా ఉంచుతామని రాసిచ్చిన వాళ్లకి ప్రతిఫలంగా. మన వంతు కింద ఒళ్లు వంచి పని చేస్తే చాలు.

"అయితే ఒక షరతు" అంది. "ఇది ఒక్కొక్కరికీ ఇచ్చేది కాదు, వాగుకి ఇచ్చేది. పదకొండు సంతకాలూ ఉండాలి. పైన అడవి నిలబెట్టి, మధ్యలో ఒక ఒడ్డు కూలుతూ ఉంటే, చేసిందంతా వృథా. అక్టోబర్ ఆఖరి శుక్రవారం లోపల కాగితం పంపాలి."

ముందు వరసలో కూర్చున్న ముసలాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అది వస్తే నేను చెట్లు అమ్మక్కర్లేదు" అన్నాడు. "ఇంటి పైకప్పు కారుతోంది, పన్ను కట్టాలి. కలప వాళ్లు ఏడాదిగా ఫోన్ చేస్తున్నారు. రేపు, రేపు అంటున్నాను." ఎవరినీ బతిమాలుతున్నట్టు లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

నేను లేచి నిలబడ్డాను. "నా ఉత్తరాల సంగతి ఏమైంది? అరవై ఫొటోలు పంపాను."

ఆ అమ్మాయి నన్ను చూసింది, ముసలాయన్ని చూసింది. "మీ ఫొటోలు అందాయి సర్. దాని గురించి మనం విడిగా మాట్లాడదాం."

"విడిగా ఎందుకు? అందరి ముందూ చెప్పండి. బురద ఎక్కడి నుంచి వస్తోందో అందరికీ తెలియాలి కదా."

"ప్లీజ్ సర్. మీటింగ్ అయ్యాక ఐదు నిమిషాలు."

వెనక ఎవరో దగ్గారు. నాకది నవ్వులాగే వినిపించింది. సంతకానికి ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మీటింగ్ అవకుండానే బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక నా భార్య కాగితం చదివింది. "సంతకం పెట్టేయండి. మనకి పోయేదేముంది? డబ్బు కూడా వాళ్లే ఇస్తున్నారు."

"గెస్ట్‌ని కదా నేను. గెస్ట్ సంతకం వాళ్లకెందుకు?"

"అబ్బా! స్టిక్కర్ మీద కోపం వాగు మీద చూపిస్తారా?"

"ముందు నా ఉత్తరాలకి జవాబు రాయమను. ఆ తర్వాత ఆలోచిస్తా."

ఆ అమ్మాయి నాలుగు సార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తొమ్మిదికి సరిపడాలంటే ఇంకా ఐదు బాకీ అని మనసులో అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను. కానీ అనుకున్నది అదే.

ఆఖరి శుక్రవారానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం, నేను ఇంట్లోనే పైగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాను. డోర్‌బెల్ కెమెరా నుంచి ఫోన్‌కి బొమ్మ వచ్చింది. ముసలాయన. టోపీ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతిలో కాగితపు సంచీ. మా అమ్మాయి హైస్కూల్లో చదువుతుంది, ఆ రోజు సెలవు. మెట్ల దగ్గర నుంచి పిలిచింది.

"నాన్నా, ఆవుల అంకుల్ వచ్చాడు. ఓపెన్ చెయ్యనా?"

"వద్దు."

"బట్, మన కార్ బయట ఉంది. ఇంట్లో ఉన్నామని అతనికి తెలుసు."

"తెలియనీ."

ముసలాయన కెమెరా వైపు వంగి ఏదో మాట్లాడాడు. నేను ఫోన్ సౌండ్ ఆపేసి బొమ్మ మాత్రం చూశాను. పెదవులు కదిలాయి, చెయ్యి ఒకసారి వాగు వైపు చూపించింది. చివరికి సంచీ మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ వీడియోని డౌన్‌లోడ్ చేసుకున్నాను. నా లాప్‌టాప్‌లో "సాక్ష్యాలు" అని ఒక ఫోల్డర్ ఉంది. పిలవకుండా నా స్థలంలోకి వచ్చాడని పేరు పెట్టి అందులో వేశాను. వినలేదు.

సంచీలో పర్సిమన్ పళ్లు, మన తునికి పళ్లలాంటివి. ఆయన చెట్టువి. నా భార్య లోపలికి తేబోతే ఆపాను. తీసుకుంటే మెత్తబడ్డట్టు ఉంటుందని, సంచీని మెట్టు మీదే ఉంచాను. వచ్చే పోయే వాళ్లకి కనపడాలని. రెండు రోజుల్లో ఉడతలు సంచీ చింపాయి. మిగిలిన పళ్లు మెట్టు మీద చితికి, మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

శుక్రవారం వెళ్లిపోయింది. పదకొండింటిలో పది సంతకాలు. ఆ ఏడాది డబ్బు ఇంకేదో వాగుకి వెళ్లింది.

డిసెంబర్‌లో రంపాలు మొదలయ్యాయి. పొద్దున కాఫీ తాగుతుంటే పై వాలు నుంచి గీ మని చప్పుడు, కాసేపాగి, చెట్టు కూలినప్పుడు కిటికీ అద్దం కొద్దిగా అదిరేది. దుంగలు వేసుకున్న లారీలు మా ఇంటి ముందు నుంచి పోయేవి. మూడు వారాల తర్వాత ఒక రోజు వంటింట్లో అంట్లు కడుగుతూ నా భార్య ఆగిపోయింది. "ఇక్కడి నుంచి ఆకాశం ఎప్పుడూ కనపడేది కాదు కదండీ" అంది. వాలులో సగం ఖాళీ అయింది. ఇంకో సగం నిలబడి ఉంది.

ఫిబ్రవరిలో ఆ సంఘం అమ్మాయి మా తలుపు తట్టింది. ఈసారి నా భార్యే వెళ్లి తీసింది, నన్ను అడగలేదు. టీ ఇచ్చింది. ఆ అమ్మాయి వంటింటి బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టింది. ఒకదాంట్లో నీళ్లు తేటగా ఉన్నాయి, రెండోదాంట్లో టీ రంగు. రెండింటి మీదా ఒకే తేదీ, మీటింగ్‌కి రెండు వారాల ముందుది.

"ఒక పెద్ద వాన పడిన మర్నాడు తీశాను సర్" అంది. "ఈ తేటది మీ పై కంచె దగ్గర, అంటే ఆ పెద్దాయన స్థలం నుంచి వచ్చే నీళ్లు. రెండోది మీ కింది కంచె దగ్గర తీసింది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నా భార్యకి వెంటనే అర్థమైంది. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ వాగు మీద అన్నిటికంటే ఎక్కువ కోసుకుపోతున్న ఒడ్డు మీదే. ఆ వాలు. చెట్ల వేళ్లు లేవు, పొదలు లేవు. వాన పడ్డ ప్రతిసారీ మట్టి జారుతోంది. మ్యాప్‌లో ఎర్ర చుక్క ఒక్కటే ఉంది సర్, అది మీ ఇంటి వెనకే."

"మరి మీటింగ్‌లో చెప్పొచ్చు కదా" అన్నాను. ఆ స్థితిలో కూడా నా నోట్లోంచి వచ్చింది ఫిర్యాదే.

"చెప్పాలనే వచ్చాను ఆ రోజు. ఆ పెద్దాయన ముందే ఆపారు. 'దూరం నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న మనిషి. పది మంది ముందు తల వంచుకునేలా చేయకు. పక్కింటివాణ్ని, నేను వెళ్లి చెప్తా' అన్నారు. ఆ చుక్కని తెర మీద మ్యాప్‌లోంచి తీయించింది ఆయనే. మీ చివరి ఉత్తరానికి జవాబు రాయకపోవడం కూడా అందుకే. కాగితం మీద పెడితే ఆఫీసు రికార్డు అయిపోతుందన్నారు. వెళ్లి చెప్పానన్నారే? మీ ఇంటికి వచ్చానన్నారు."

నా భార్య నా వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఎప్పుడూ ఎత్తే ఉత్తరాల సంగతి ఈసారి నేను ఎత్తకపోవడం ఆమె గమనించింది. ఆమె అలా చూపు తిప్పుకోవడం తిట్టిన దానికంటే ఎక్కువైంది.

మర్నాడు ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు అద్దాలు ఎక్కించుకుని, "సాక్ష్యాలు" ఫోల్డర్‌లో ఆ వీడియో తెరిచి, సౌండ్ పెట్టాను. ముసలాయన గొంతు బొంగురుగా, తీరిగ్గా ఉంది. మధ్య మధ్య టోపీ తిప్పుకుంటున్నాడు.

"హలో నైబర్. ఇంట్లోనే ఉన్నట్టున్నావు, పనిలో ఉన్నావేమో. నీ ఒడ్డు సంగతి మాట్లాడదామని వచ్చా. అది జారుతోంది. సిగ్గుపడాల్సిందేం లేదు, నా ఆవుల్ని ఇరవై ఏళ్లు వాగులోకి వదిలి నేనూ ఇలాగే పాడు చేశా. మా ఆవిడ తిట్టి కంచె వేయించింది. మీ పండగ నాకు తెలుసు, పైనుంచి వింటూ ఉంటాను, డోలు బాగుంటుంది. దిగడానికి చిన్న బాట ఉంచుకుని, మిగతాదంతా విల్లో కొమ్మలు పాతుదాం, అవే వేళ్లు తొడిగి మట్టిని పట్టుకుంటాయి. నా దగ్గర బోలెడున్నాయి. ఒక్క శనివారం పని. ఆ కాగితం మీద సంతకం మాత్రం మర్చిపోకు, నాకు దాంతో అవసరం ఉంది. ఇవి మా చెట్టు పళ్లు. మెత్తబడ్డాకే తిను, గట్టిగా ఉంటే నోరు పట్టేస్తుంది."

ఒక నిమిషం పైన కొన్ని సెకన్లు. మూడోసారి విన్నాక ఆపేశాను.

నేను మూడేళ్లు ఎవరూ జవాబివ్వలేదని అరిచినవాణ్ని. జవాబు నడిచి నా గుమ్మం దాకా వచ్చింది. దాని సౌండ్ ఆపేసి, నేరం పేరు పెట్టి దాచుకున్నాను. ఇంకో సంగతి కూడా ఆ కారులోనే తట్టింది. నా ఇంటికి డోలు తెచ్చిన ఇరవై కుటుంబాలూ అన్నం వండుకునేది ఆ లేక్ నీళ్లతోనే. పిల్లల పాలలో కలిపేదీ అవే. నేను అందరికీ ఘాట్ కట్టానని గర్వపడ్డాను, కట్టిన మట్టిని వాళ్ల కుళాయిల వైపు పంపాను.

ఇప్పుడు వాన పడితే మా పై కంచె దగ్గర కూడా నీళ్లు టీ రంగులో వస్తున్నాయి. కొట్టేసిన సగం వాలు నుంచి. నా ఫిర్యాదు ఇప్పుడు నిజమైంది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

మార్చిలో ఒడ్డు పని మొదలుపెట్టాను. ప్రభుత్వ గ్రాంట్ లేదు, నా సొంత డబ్బుతోనే. ఆ అమ్మాయి చెప్పినట్టు కొబ్బరిపీచు చాపలు తెప్పించి వాలంతా పరిచాను. మన కొబ్బరిపీచు ఇంత దూరం వచ్చి నా తప్పుని కప్పడం చూస్తే కూడా సిగ్గే వేసింది. విల్లో కొమ్మలు నర్సరీలో కొన్నాను. పక్కనే ఉచితంగా ఇస్తానన్న మనిషిని అడిగే మొహం లేదు. ఒక మనిషి పట్టే బాట మాత్రం ఉంచాను. వేసవి మొదలయ్యేసరికి కొమ్మలు చిగురించాయి.

చవితికి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఈ ఏడు వాగులో లేదు, గ్యారేజీలో టబ్బులో నిమజ్జనం అని. నిజామాబాద్ మిత్రుడు వెంటనే ఫోన్ చేశాడు.

"ఏందన్నా, గింత ఘాట్ పెట్టుకొని బకెట్ల ముంచుతావానే గణపయ్యని? సిటీ వాళ్లు నోటీస్ ఇచ్చిండ్రా?"

"ఎవరూ ఇవ్వలేదు. నేనే ఇచ్చుకున్నాను."

"మజాక్ చెయ్యకు."

"రా, చూపిస్తా."

అందరూ వచ్చాక ప్రసాదం పక్కన ఆ రెండు సీసాలు పెట్టాను. ఏది ఎక్కడిదో చెప్పాను. ముసలాయన సంగతి, పళ్ల సంచీ సంగతి కూడా చెప్పాను. వీడియో మాత్రం వినిపించలేకపోయాను. నిజామాబాద్ మిత్రుడు టీ రంగు సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టుకున్నాడు.

"ఆ రోజు క్రేన్ అన్నది నేనే గదనే" అన్నాడు. నిమజ్జనం అయ్యాక టబ్బు నీళ్లని వాడే బకెట్లతో మోసుకెళ్లి విల్లో మొక్కల మొదట్లో పోశాడు.

ఈ ఏడాది గ్రాంట్‌కి మళ్లీ అవకాశం వచ్చింది. అదే షరతు, పదకొండు సంతకాలు, అదే అక్టోబర్ ఆఖరి శుక్రవారం గడువు. మొదటి సంతకం నాది. ఫైర్ స్టేషన్ హాల్లో ఈసారి నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా రాసిన స్టిక్కర్ ఉంది. దాన్ని చొక్కాకి అంటించుకోవడానికి చెయ్యి ఆడలేదు, జేబులో పెట్టుకున్నాను. మిగతా వాళ్లందరూ సంతకాలు పెట్టారు. పది అయ్యాయి.

పదకొండోది ముసలాయనది. మీటింగ్‌కి రాలేదు. ఆ అమ్మాయి ఆయన ఇంటికి వెళ్తే గుమ్మంలో నిలబడే అడిగాడట, "ఆ నైబర్ పెట్టాడా?" అని. అందరికంటే ముందు పెట్టారని చెప్పిందట. "ఓహో" అని లోపలికి వెళ్లిపోయాడట. అంతే. ఆయన సంతకం లేకపోతే నిలబడి ఉన్న ఆ సగం అడవికి రక్షణ ఉండదు, కొట్టేసిన సగంలో మళ్లీ మొక్కలు నాటడానికి డబ్బు రాదు. కలప వాళ్ల పికప్ పోయిన వారం ఆయన గేటు ముందు ఆగి ఉండటం నేను చూశాను.

ఆయన పోస్టుబాక్సులో రెండు ఉత్తరాలు వేశాను. మొదటి దాంట్లో క్షమాపణ రాశాను. రెండో దాంట్లో, వీడియో ఆలస్యంగా విన్నానని, ప్రతి మాటా విన్నానని రాశాను. జవాబు లేదు. రోడ్డు మీద పికప్ ఎదురైతే నేను వేలు ఎత్తుతున్నాను. ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉంటున్నాయి. ఈసారి తేదీలు రాసుకోవడం లేదు. ఒకరి జవాబు కోసం ఎదురు చూడటం ఎలా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ కొండల్లో లేరనుకునేవాణ్ని. ఆయన నా గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డాడో ఆ వీడియో కింద అంకెల్లోనే ఉంది.

నిన్న శనివారం ఆయన గేటు దాకా వెళ్లాను. కుక్క మొరిగింది. పై కిటికీలో తెర కదిలింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, నేను వచ్చానని ఆయనకి తెలుసు. నలభై నిమిషాలు నిలబడి వచ్చేశాను. వచ్చే శనివారం మళ్లీ వెళ్తాను, ఆ పై శనివారం కూడా వెళ్తాను. శుక్రవారం గడువు దాటిపోయినా వెళ్తాను. నా మొండితనం ఏ పనికైనా వస్తే ఈ పనికే రావాలి.

ఇది తెలుగులో రాస్తున్నాను, ఆయన చదవలేడు. ఇవే మాటలు ఇంగ్లీషులో రాసి, ఈ మధ్యాహ్నం ఆయన పోస్టుబాక్సులో మూడో ఉత్తరంగా వేస్తాను.

నైబర్, సంతకం పెట్టడం, పెట్టకపోవడం మీ ఇష్టం. ఆ అడవి మీది. నన్ను తిట్టాలనిపిస్తే గేటు దగ్గరే తిట్టండి, రోడ్డు మీద పోయేవాళ్లందరి ముందూ తిట్టండి, ఈసారి విడిగా అక్కర్లేదు. నా పేరు మీద ఎర్ర చుక్క పెట్టి ఊరంతా చూపించండి. కానీ తెర వెనక నిలబడి చూడకండి. ఆ పని నేను చేశాను, అది ఎలాంటిదో నాకు తెలుసు. బయటికి రండి. అవునో కాదో మీ నోటితో చెప్పండి. నాకు జవాబు కావాలి.